మైకు నుంచి ఫేడర్ దాకా: ఛానల్ స్ట్రిప్‌లో ఏది ముందు, ఏది వెనక

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెళ్ళిళ్ళకీ భజనలకీ ఠాకురాణి (అమ్మవారి) యాత్రకీ పెట్టే మైక్ సెట్లలో వాడే మిక్సర్ ఆంప్లిఫయర్లు చాలావాటిలో ప్రతి మైకుకీ విడిగా వాల్యూమ్ నాబ్ ఉంటుంది గానీ బాస్, ట్రెబుల్ మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కొక్కటే. పాడేవాళ్ళ గొంతు మూసుకుపోయినట్టుందని ట్రెబుల్ పెంచితే పక్కన తాళాలు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి, తాళాలు తగ్గిద్దామని ట్రెబుల్ తగ్గిస్తే గొంతు మళ్ళీ మూసుకుపోతుంది. ఈ గొడవకి విరుగుడే ఛానల్ స్ట్రిప్. అంటే ఒక మైకు శబ్దం లోపలికొచ్చిన దగ్గర్నుంచి మిగతావాటితో కలిసేదాకా దానికంటూ ఒక సొంత దారి, ఆ దారిలో సొంత గెయిన్ (వచ్చిన శబ్దాన్ని పెంచేది), సొంత ఫిల్టర్, సొంత ఈక్యూ (బాస్, ట్రెబుల్ లాంటివి సర్దేది), సొంత కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని నొక్కేది) ఉంటే అదీ, చివర్న సొంత ఫేడర్ (జారే వాల్యూమ్ మీట). మిక్సర్ మీద పైనుంచి కిందకి నిలువు పట్టీలాగ కనిపించే నాబ్‌ల వరస మొత్తం ఒక్క శబ్దానిదే. 16 ఛానళ్ళ మిక్సర్ చూసి కొత్తవాళ్ళు బెదిరిపోతారు గానీ అక్కడున్నది ఒకే పట్టీ 16 సార్లు, ఒకటి అర్థమైతే మిగతావి అర్థమైనట్టే.

ఇప్పుడు మిక్సర్ కూడా అక్కర్లేదు, ఒక లాప్‌టాప్, ఒక చిన్న ఆడియో ఇంటర్ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక మైకు ఉంటే రేకుల కప్పు గదిలో కూడా పాట రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారు, మంచిదే. కానీ ఎక్కువమంది చేసే పని ఏంటంటే ట్రాక్ మీద ఒక ఛానల్ స్ట్రిప్ ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ రూపంలో ఉన్న స్ట్రిప్) పెట్టి అందులో లీడ్ వోకల్ అనే ప్రీసెట్ (ముందే పెట్టి ఉంచిన సెట్టింగ్) నొక్కి ఊరుకోవడం. ఆ ప్రీసెట్ తయారుచేసినాయనకి ఈ మైకు తెలీదు, ఈ గది తెలీదు, మీ గొంతు ఏ లెవెల్‌లో రికార్డయిందో అసలే తెలీదు. ఛానల్ స్ట్రిప్‌ని నాబ్‌ల పెట్టెలా కాకుండా వరసగా జరిగే పనిలా చూడాలి, ముందు మెట్టు మీద జరిగిన తప్పుని తర్వాత మెట్టు సరిచెయ్యదు, ఇంకా పెంచి చూపిస్తుంది. కాబట్టి ప్రతి నాబ్‌నీ అది ఏ స్థానంలో ఉందో దాన్ని బట్టే అర్థం చేసుకోవాలి.

ఈ పట్టీ ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంచెం చెప్పుకుంటే మిగతాది తేలికవుతుంది. పాతరోజుల్లో పెద్ద స్టూడియోల కన్సోళ్ళు, అంటే పెద్ద మిక్సర్లు, మాడ్యూళ్ళుగా కట్టేవారు, ఒక్కో ఛానల్ ఒక్కో ముక్క, పాడైతే ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. రూపర్ట్ నీవ్ కంపెనీ 1970లో తెచ్చిన 1073 అనే మాడ్యూల్ వీటిలో బాగా పేరుమోసింది, అందులో మైక్ ప్రీఆంప్ (మైకు శబ్దాన్ని పెంచే భాగం), హై పాస్ ఫిల్టర్, మూడు బ్యాండ్ల ఈక్యూ ఉంటాయి, అంతే, కంప్రెసర్ లేదు. తర్వాత 1970ల చివర్లో ఎస్ఎస్ఎల్ 4000 సిరీస్ కన్సోళ్ళు ప్రతి ఛానల్‌కీ కంప్రెసర్, గేట్ కూడా పెట్టేశాయి, అంతకు ముందు స్టూడియోలో ఉన్న నాలుగైదు కంప్రెసర్లనే ఏ ట్రాక్‌కి ఇవ్వాలా అని పంచుకోవాల్సిన పరిస్థితి, ఇక్కడ్నుంచి ప్రతి శబ్దానికీ సొంతంగా దొరికింది. ఆ తర్వాత పాత కన్సోళ్ళు విప్పేసినప్పుడు జనం మాడ్యూళ్ళు కొనుక్కుని విడిగా పెట్టెలో బిగించి పవర్ సప్లై ఇచ్చి వాడుకోవడం మొదలెట్టారు, విడిగా అమ్మే ఛానల్ స్ట్రిప్‌కి దారి అలా పడింది. ఇవాళ ప్లగిన్లో కనిపించే రంగురంగుల నాబ్‌లు చాలావరకు వీటి బొమ్మలే.

ఇప్పుడు అసలు దారి. మొదటి మెట్టు గెయిన్, అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. మైకులోంచి వచ్చే కరెంటు ఎంత చిన్నదో తెలిస్తే గెయిన్ ఎందుకో అర్థమవుతుంది. షూర్ ఎస్ఎమ్58 లాంటి డైనమిక్ మైకు ఒక పాస్కల్ ఒత్తిడికి, అంటే 94 డీబీ (డెసిబెల్) శబ్దానికి, సుమారు 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. ప్రొఫెషనల్ లైన్ లెవెల్ ఏమో 1.23 వోల్టులు. అంటే దాదాపు 660 రెట్లు పెంచాలి, డీబీల్లో చెప్తే 56. ఇంత పెంచేటప్పుడు గొంతుతో పాటు ప్రీఆంప్ సొంత సుయ్ మనే శబ్దం, గదిలో ఫ్యాను, బయట ఆటో, అన్నీ పెరుగుతాయి. అందుకే గెయిన్ నాబ్ ముట్టుకునే ముందు మైకుని దగ్గరకి జరపాలి. రెండడుగుల దూరంలో ఉన్న మైకుని ఒక అడుగుకి తెస్తే గొంతు సుమారు 6 డీబీ పెరుగుతుంది, ఫ్యాను మాత్రం అలాగే ఉంటుంది. ఏ ప్లగిన్‌ కొన్నా ఇంత శుభ్రమైన 6 డీబీ దొరకదు.

ఎంత గెయిన్ పెట్టాలి అంటే, 24 బిట్‌లో రికార్డ్ చేస్తుంటే మీటర్ సగటున మైనస్ 18 డీబీ దగ్గర (సున్నా పైగీత, అది దాటితే శబ్దం చిరిగిపోతుంది) ఆడుతూ, గట్టిగా పాడినచోట మైనస్ 10, మైనస్ 8 కి వెళ్తే చాలు. మీటర్ పైదాకా కొట్టాలనే అలవాటు టేపు రోజులదీ 16 బిట్ రోజులదీ, అప్పుడు తక్కువ లెవెల్‌లో రికార్డ్ చేస్తే కింద బుస్సు వినిపించేది. 24 బిట్‌లో ఆ భయం లేదు. ఇంకో సంగతి, రిహార్సల్లో మెల్లగా పాడినవాళ్ళు రికార్డ్ బటన్ నొక్కగానే గొంతు పెంచుతారు, భజన బృందమైతే మరీను, చరణం చివర్లో అందరూ కలిసి ఎత్తుకునేసరికి ఎర్రలైటు వెలుగుతుంది. కాబట్టి పాటలో అన్నిటికంటే గట్టి ముక్కనే ముందు పాడించి గెయిన్ పెట్టుకోవాలి. ప్రీఆంప్ దగ్గర ఒకసారి చిరిగిపోయిన శబ్దాన్ని కింద ఫేడర్ తగ్గించి బాగుచెయ్యలేం, చిరిగిన శబ్దమే మెల్లగా వినిపిస్తుంది, అంతే. రాళ్ళు బియ్యంలో ఉన్నప్పుడే ఏరాలి, అన్నం ఉడికాక కాదు.

గెయిన్ పక్కనే చిన్న బటన్లు ఉంటాయి. 48 వోల్టుల ఫాంటమ్, అంటే కేబుల్‌లోంచే మైకుకి పంపే కరెంటు, కండెన్సర్ మైకుకి కావాలి, ఎస్ఎమ్58 లాంటివాటికి అక్కర్లేదు. ప్యాడ్ అనేది వచ్చే శబ్దాన్ని 20 డీబీ దాకా తగ్గించి లోపలికి పంపుతుంది, డోలుకీ సన్నాయికీ దగ్గరగా కండెన్సర్ పెట్టినప్పుడు గెయిన్ పూర్తిగా తగ్గించినా ఎరుపు వస్తుంటే ఇదే దిక్కు. అడ్డగీత ఉన్న సున్నా గుర్తుతో పోలారిటీ బటన్ ఒకటుంటుంది, దాని జోలికి ఎవరూ వెళ్ళరు గానీ డోలు రికార్డింగ్‌లో దాని విలువ చాలా పెద్దది. డోలుకి రెండు వైపులా రెండు మైకులు పెడితే, ఒక వైపు కర్ర పడి చర్మం లోపలికి పోయినప్పుడు లోపలి గాలి రెండోవైపు చర్మాన్ని బయటకి తోస్తుంది, ఒక మైకుకి ఒత్తిడి తగ్గుతుంటే ఇంకో మైకుకి పెరుగుతుంటుంది, రెండూ కలిపితే కింది గంభీరమైన శబ్దం ఒకదాన్నొకటి తినేస్తాయి. విడివిడిగా విన్నప్పుడు రెండూ బాగుంటాయి, కలిపి వింటే డోలు డబ్బాలాగ అయిపోతుంది. అప్పుడు చాలామంది ఈక్యూలో బాస్ పెంచుతారు, ఎంత పెంచినా రాదు, ఎంచేతంటే అక్కడ తక్కువైంది బాస్ కాదు, రెండు మైకులు ఎదురెదురుగా తోసుకుంటున్నాయి. ఒక ఛానల్‌లో ఆ బటన్ నొక్కి రెండు రకాలుగానూ విని ఏది నిండుగా ఉందో అది ఉంచుకుంటే సరి. మద్దెల, ఢోలక్ లాంటి రెండు మొహాల వాయిద్యాలన్నిటికీ ఈ పరీక్ష చేసి చూడాలి.

తర్వాత హై పాస్ ఫిల్టర్, పేరు చూస్తే ఏదో పెంచేదిలా ఉంటుంది గానీ చేసే పని కింద ఉన్న గురగుర కొయ్యడం. చిన్న మిక్సర్లలో 75, 80, 100 హెర్ట్జ్‌లలో ఏదో ఒకటి ఫిక్స్ చేసి ఇస్తారు, పాత 1073లో అయితే 50, 80, 160, 300 అని నాలుగు. మగవాళ్ళ మాట మూల శ్రుతి సుమారు 85 హెర్ట్జ్ నుంచి, ఆడవాళ్ళది 165 దగ్గర్నుంచి మొదలవుతుంది కాబట్టి 80 దగ్గర కోస్తే గొంతుకి నష్టం లేదు, రాయగడ లాంటి చోట రైలు వెళ్ళినప్పుడు నేల అదిరే శబ్దం, స్టాండు తగిలిన దెబ్బ, భజనలో భకారం వచ్చినప్పుడల్లా మైకు మీద పడే గాలి దెబ్బ, వీటిలో చాలావరకు పోతాయి. ఆడ గొంతుకి 120 దాకా కూడా వెళ్ళొచ్చు. అదే డోలుకి పెడితే డోలు ప్రాణం పోతుంది. జముకుల కథ రికార్డ్ చేసేటప్పుడు కూడా చూసుకోవాలి, జముకు తీగ బిగించి వదులుతుంటే శ్రుతి జారుతూ కిందకీ పైకీ పోతుంది, ఫిల్టర్ పైకి పెడితే ఆ జారుడులో కింది సగం వినపడదు.

కరెంటు హమ్ము సంగతి ఇక్కడే చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి హమ్ము 50 దగ్గరా దాని గుణిజాలు 100, 150 దగ్గరా ఉంటుంది, 80 దగ్గర ఫిల్టర్ వేస్తే 50 తగ్గుతుంది, మిగతావి అలాగే ఉంటాయి. దీన్ని ఈక్యూతో తవ్వి తియ్యాలని చూస్తే గొంతులో కండ కూడా పోతుంది. ఎర్తింగ్ సరిగా ఉందా, మైకుకి బాలన్స్‌డ్ కేబులే వాడుతున్నారా, లాప్‌టాప్ చార్జర్ తీసేస్తే ఆగుతోందా అని చూసుకోవడం ముందు చెయ్యాల్సిన పని, స్ట్రిప్‌లో దీనికి మందు లేదు.

గేట్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. గేట్ అంటే శబ్దం ఒక గీత కంటే తగ్గగానే తలుపు మూసేస్తుంది, పాట ఆగిన చోట ఫ్యాను వినపడకుండా. వినడానికి మంచి ఆలోచన. కానీ తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, వచ్చాడు, చెప్పాము, దేవుడు, ఆ చివరి డు, ము దగ్గరకొచ్చేసరికి పాడేవాళ్ళ గొంతు బాగా తగ్గిపోతుంది, గేట్ దాన్నే ఫ్యాను అనుకుని మూసేస్తుంది. ఒడియాలో కూడా మాట చివర అచ్చు పలుకుతారు, హిందీలోలాగ మింగెయ్యరు, కాబట్టి ఈ ప్రాంతంలో రెండు భాషల్లో ఏ పాట రికార్డ్ చేసినా ఇదే ఇబ్బంది. గొంతు మీద గేట్ వెయ్యకపోవడమే మేలు. తప్పదంటే పూర్తిగా మూసే గేట్ బదులు 6 డీబీ, 8 డీబీ మాత్రమే తగ్గించే ఎక్స్‌పాండర్‌లా పెట్టుకుని, హోల్డ్, రిలీజ్ (తలుపు తెరిచి ఉంచే, మెల్లగా మూసే సమయాలు) బాగా పెంచుకోవాలి. లేదంటే కంప్యూటర్‌లో ఖాళీ చోట్లు చేత్తో కత్తిరించుకోవడం ఉత్తమం, అరగంట పడుతుందేమో గానీ ఒక్క అక్షరం కూడా పోదు.

ఈక్యూ మీద ఎంతసేపు మాట్లాడినా మాట్లాడొచ్చు. చిన్న మిక్సర్లలో మూడు నాబ్‌లు, పైన 10 లేదా 12 కిలోహెర్ట్జ్, మధ్యలో 2.5 దగ్గర, కింద 80 లేదా 100 హెర్ట్జ్. పైదీ కిందదీ షెల్ఫ్ అంటారు, ఆ చోటు నుంచి అవతలివన్నీ కలిపి లేపుతాయి లేదా దించుతాయి, మధ్యది ఒక గుట్టలాగ చుట్టుపక్కల మాత్రమే. ప్లగిన్లో అయితే మధ్య బ్యాండ్‌ని ఎక్కడికైనా జరుపుకోవచ్చు, గుట్ట వెడల్పు కూడా మార్చుకోవచ్చు. పరుపులూ పరదాలూ లేని చిన్న సిమెంటు గదిలో పాడిన గొంతుకి సాధారణంగా వచ్చే జబ్బు 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య పేరుకుపోయిన బురద, దానికి తోడు మైకు మరీ దగ్గరగా పెడితే కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకుల్లో కింది శబ్దం ఉబ్బుతుంది. అక్కడ 3 డీబీ తగ్గిస్తే పైన ఏమీ పెంచకుండానే గొంతు విచ్చుకుంటుంది. పెంచడం కంటే తగ్గించడం మంచిదని అందరూ అంటారు, దాన్ని శాస్త్రంలా పాటించక్కర్లేదు గానీ ఒక కారణం మాత్రం నిజమే, పెంచిన శబ్దం పెద్దగా వినిపిస్తుంది, పెద్దగా వినిపించేది బాగున్నట్టే అనిపిస్తుంది, చెవి మోసపోతుంది. అందుకే ఈక్యూ ఆన్ చేసి ఆఫ్ చేసి పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోవాలి.

సన్నాయికీ, ఒడియా వాళ్ళ మహురికీ ఈక్యూ వేరే లెక్క. చెవి బాగా పట్టుకునే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో వాటికి బోలెడు బలం ఉంటుంది, పాటలో మాటలు స్పష్టంగా వినిపించడానికి కావాల్సిన చోటూ అదే. రెండూ ఒకేసారి మోగితే మాట వినపడదు, అప్పుడు గొంతు పెంచుకుంటూ పోవడం కంటే సన్నాయి ఛానల్‌లో ఆ చోట రెండు మూడు డీబీలు దించడం తెలివైన పని. సన్నాయి ఒక్కదాన్నే సోలో నొక్కి వింటే కొంచెం నీరసంగా అనిపిస్తుంది, పర్వాలేదు, జనం వినేది సోలో కాదు. స్ట్రిప్ ఒక్క శబ్దానిదే అయినా దాని నిర్ణయాలు పక్క స్ట్రిప్‌ని చూసే తీసుకోవాలి.

కంప్రెసర్ దగ్గర చాలామంది తడబడతారు, లెక్క మాత్రం చిన్నదే. కంప్రెసర్ ఒక గీత దాటిన శబ్దాన్ని తగ్గిస్తుంది, ఆ గీత త్రెషోల్డ్, ఎంత తగ్గించాలో చెప్పేది రేషియో. త్రెషోల్డ్ మైనస్ 20 పెట్టారు, రేషియో 4 కి 1 పెట్టారు అనుకోండి. గొంతు మైనస్ 12 కి లేచింది, అంటే గీత కంటే 8 డీబీ పైకి, అందులో నాలుగో వంతు, 2 డీబీ మాత్రమే బయటకొస్తుంది, కాబట్టి మైనస్ 18. అంటే 6 డీబీ తగ్గింది. ఇప్పుడు తగ్గినదాన్ని మళ్ళీ పెంచే మేకప్ గెయిన్ 6 డీబీ ఇస్తే గట్టి చోట్లు మళ్ళీ మైనస్ 12 కి వస్తాయి, మెల్లగా పాడిన చోట్లు కూడా 6 డీబీ పెరుగుతాయి, పాట నిండుగా, ఒకే తీరుగా వినిపిస్తుంది. దాంతో పాటు మైనస్ 60 దగ్గర పడుకున్న ఫ్యాను శబ్దం కూడా మైనస్ 54 కి లేస్తుంది. వానాకాలంలో రేకుల మీద చినుకులు పడుతుండగా రికార్డ్ చేసిన పాటకి కంప్రెసర్ వెయ్యగానే వాన పెద్దదైపోవడానికి కారణం ఇదే, గొంతు ఆగిన ప్రతిచోటా వాన పైకొస్తుంది.

అటాక్, రిలీజ్ అనేవి సమయాలు, అటాక్ కంప్రెసర్ పట్టుకోవడానికి తీసుకునేది, రిలీజ్ వదలడానికి తీసుకునేది. డోలు మీద అటాక్ 1 మిల్లీసెకండ్ పెడితే కర్ర తగిలిన చటుక్కుమనే శబ్దాన్నే నొక్కేస్తుంది, డోలు వెనక్కి పోతుంది. 20, 30 మిల్లీసెకన్లు పెడితే ఆ దెబ్బ దాటిపోయాక పట్టుకుంటుంది, దెబ్బ ముందుకొస్తుంది. ఒకే నాబ్, రెండు ఎదురు ఫలితాలు. రిలీజ్ మరీ పొట్టిగా పెడితే గొంతు ఊగుతుంది, మరీ పొడుగైతే ఒక గట్టి అక్షరం తర్వాత వచ్చిన మెల్లని మాటలు కూడా అణిగిపోతాయి. గొంతుకి రేషియో 3 కి 1, ఎంత నొక్కుతోందో చూపే సూది 4 నుంచి 6 డీబీ దాకా కదలడం అనేది మొదలుపెట్టడానికి మంచి చోటు, అక్కడ్నుంచి చెవి చెప్పినట్టు.

ఈక్యూ ముందా కంప్రెసర్ ముందా అనే వాదం ఎప్పుడూ ఉండేదే. ఎస్ఎస్ఎల్ వాళ్ళు కూడా తేల్చకుండా వరస మార్చుకోవడానికి బటన్లు ఇచ్చారు. ఆలోచిస్తే జవాబు మరీ కష్టమేం కాదు, కంప్రెసర్ తన దగ్గరకొచ్చిన మొత్తం శబ్దాన్ని చూసి స్పందిస్తుంది, అందులో గురగుర ఎక్కువుంటే గురగురకే స్పందించి గొంతుని నొక్కుతుంది. కాబట్టి తీసెయ్యాల్సినవి కంప్రెసర్‌కి ముందే తీసెయ్యాలి, మెరుపు కోసం పెంచేవి తర్వాత. ముందే 10 కిలోహెర్ట్జ్ పెంచి కంప్రెసర్‌లోకి పంపితే పెంచింది కొంత అదే వెనక్కి నొక్కేస్తుంది.

డీఎస్సర్ గొంతులోని సకారాలు చెవిలో గుచ్చుకోకుండా చూస్తుంది, మామూలుగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. తెలుగులో స, శ, ష తో పాటు చుక్క, చాలు, చూపు లాంటి మాటల్లో చ కూడా పళ్ళ మధ్యనుంచి ఈల లాంటి గాలితో వస్తుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి. వేరే భాష గొంతుకి చేసిన ప్రీసెట్ వీటిని ఒక్కోసారి వదిలేస్తుంది, ఒక్కోసారి మరీ నొక్కి సీతమ్మని తీతమ్మ చేస్తుంది. పాటలో ఎక్కువ గుచ్చుకుంటున్న ఒక్క మాట తీసుకుని దాన్నే తిప్పి తిప్పి వింటూ త్రెషోల్డ్ పెట్టుకోవాలి.

ఆక్స్ (శబ్దాన్ని విడిగా ఇంకోచోటికి పంపే నాబ్), ప్యాన్ (కుడి ఎడమల మధ్య జరిపేది), ఫేడర్ గురించి క్లుప్తంగా చాలు. పాడేవాళ్ళ హెడ్‌ఫోన్‌కో మానిటర్‌కో వెళ్ళే ఆక్స్ ఫేడర్‌కి ముందు నుంచి తీసుకోవాలి, లేకపోతే మిక్స్‌లో ఫేడర్ కదిపినప్పుడల్లా వాళ్ళకి గొంతు పెరిగి తగ్గి పాట తడబడుతుంది. రీవెర్బ్‌కి వెళ్ళేది ఫేడర్ తర్వాత నుంచి, లేకపోతే ఫేడర్ కిందకి దించాక కూడా గొంతు తాలూకు గుడి ప్రతిధ్వని మిగిలిపోతుంది.

ఇక కొనడం విషయం. డీబీఎక్స్ 286ఎస్ లాంటి విడి స్ట్రిప్‌లో ప్రీఆంప్, కంప్రెసర్, డీఎస్సర్, గేట్ అన్నీ ఒకే పెట్టెలో దొరుకుతాయి, ఒక్క గొంతుతో లైవ్ చెప్పేవాళ్ళకి, రేడియోలాగ మాట్లాడేవాళ్ళకి చాలా పనికొస్తుంది. పాటలు చేసేవాళ్ళకి మాత్రం ఆ డబ్బుతో మంచి కేబుళ్ళు, ఒక పాప్ ఫిల్టర్, గదిలో నాలుగు మందపాటి పరుపులు ముందు కొనుక్కోవాలి. రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఊరికే వచ్చే ఈక్యూ, కంప్రెసర్, గేట్‌లే వరసగా పెట్టి ఒక చెయిన్‌లా సేవ్ చేసుకుంటే అదే ఛానల్ స్ట్రిప్, లోపల జరిగే పని ఒక్కటే. పాత కన్సోళ్ళ రంగు, ట్రాన్స్‌ఫార్మర్ల వెచ్చదనం అనేవి ఉన్నాయి, అబద్ధం కాదు, కానీ గెయిన్ తప్పుగా పెట్టిన గొంతుకి అవి ఏమీ చెయ్యలేవు.

యూఎస్‌బీ ఉన్న చిన్న మిక్సర్లు కొనేవాళ్ళు ఒకటి చూసుకోవాలి, యమహా ఎమ్‌జీ10ఎక్స్‌యూ లాంటి వాటిలో ఎన్ని మైకులు తగిలించినా కంప్యూటర్‌కి వెళ్ళేది రెండు ట్రాక్‌లే, కుడి ఎడమ. అంటే ఊళ్ళో భజన మొత్తం దాని ద్వారా రికార్డ్ చేస్తే ప్రతి స్ట్రిప్‌లో అప్పుడు పెట్టిన ఈక్యూ, కంప్రెసర్ అన్నీ కలిసి అచ్చయిపోతాయి, తర్వాత హార్మోనియం ఒక్కటీ తగ్గిద్దామన్నా కుదరదు. అలాంటప్పుడు కంప్రెసర్ నాబ్ సున్నాలో ఉంచి, గొంతుకి హై పాస్ మాత్రం వేసి, ఈక్యూ మధ్యలోనే వదిలేసి, శ్రద్ధ అంతా గెయిన్ మీదా మైకుల లెవెల్ పొందిక మీదా పెట్టాలి. ఒక్కో మైకు ఒక్కో ట్రాక్‌లోకి పంపే ఇంటర్ఫేస్ ఉంటే ఈ బెంగ లేదు, అప్పుడు కూడా రికార్డింగ్‌లో గెయిన్, ఫిల్టర్ వరకే ఉంచి మిగతా మెట్లన్నీ మిక్సింగ్‌కి దాచుకోవడం మంచిది, ఎంచేతంటే వెయ్యని కంప్రెసర్‌ని రేపు వెయ్యొచ్చు, వేసి రికార్డ్ చేసినదాన్ని తియ్యలేం.